లాయర్ పంపిన డబ్బు పాత జాయింట్ అకౌంట్‌లో పడింది, ఇప్పుడు ఎవరిని అడగాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇంట్లోనే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తారు. కూతురు ఈ ఏడే ఇంటర్‌లో చేరింది. భర్తతో విడిపోయి ఐదేళ్లు దాటింది. మొదట భరణం కేసు నడిచింది, తర్వాత రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు, పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చాయి. ఒప్పందం ఎనిమిది లక్షలు. నాలుగు లక్షల డీడీ జడ్జిగారి ముందే చేతికొచ్చింది. మిగిలిన నాలుగు లక్షలు డిక్రీ అయిన ఆరు నెలల్లోపు ఇవ్వాలి. ఒకరి మొహం ఒకరు చూడ్డం ఇద్దరికీ ఇష్టం లేదు కాబట్టి, "నా అకౌంట్‌లో వేయించుకుని నీకు పంపిస్తాలేమ్మా" అని ఆమె తరఫు లాయర్ అన్నారట. గడువుకు వారం ముందు డబ్బు ఆయనకు చేరింది. ఆ సాయంత్రమే ఆఫీసుకు పిలిపించి, అవతలివాళ్లు అడుగుతున్నారని, నాలుగు లక్షలు ముట్టినట్టు రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకున్నారు. డబ్బు రేపు పడుతుందన్నారు.

మర్నాడు పడలేదు. మూడో రోజు గుమాస్తా ఆర్‌టీజీఎస్ కౌంటర్ ఫాయిల్ జిరాక్స్ ఇచ్చాడు. అందులో ఉన్నది 3,75,000. మిగతా 25,000 ఆఫీసు ఖర్చులన్నాడు. ఆమె ఇంటికొచ్చి తన పాస్‌బుక్ పక్కన పెట్టి చూసుకుంటే అకౌంట్ నంబర్ చివరి నాలుగు అంకెలు కలవలేదు. ఏదో గుర్తొచ్చి ఇనప పెట్టెలో పెళ్లిచీర కింద దాచిన పాత పాస్‌బుక్ తీశారు. మొదటి పేజీలో ఇద్దరి ఫోటో, ఇద్దరి పేర్లు. ఆ నాలుగు అంకెలు అక్కడున్నాయి. పెళ్లయిన మరుసటేడు తెరిచిన జాయింట్ అకౌంట్ అది. భర్త జీతం అందులోనే పడేదని చూపించడానికి భరణం కేసులో ఆ పాస్‌బుక్ జిరాక్స్ పెట్టారు. గుమాస్తా ఆ కట్టలోంచే నంబర్ ఎక్కించినట్టున్నాడు. అతని లోన్ కంతులు ఇప్పటికీ ఆ అకౌంట్ నుంచే పోతాయట.

ఇది జరిగి మూడు నెలలు. లాయర్ మొదట "నువ్విచ్చిన నంబరే కదమ్మా" అన్నారు. మార్చిలో కొత్త పాస్‌బుక్ ఫోటో పంపిన వాట్సాప్ మెసేజ్ ఆమె చూపించాక "గుమాస్తా పొరపాటు, చూద్దాంలే" అన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మాజీ భర్తను ఆమె అన్న అడిగితే, "నేనియ్యాల్సింది ఇచ్చేసినా, రసీదుంది. ఆ దుడ్డు నా చేతికి రాలేదు, బ్యాంకోళ్లు లోన్ కింద పట్టుకున్నారు" అన్నాడట. లాయర్‌ను కుదిర్చిన మేనమామేమో "ఆయన మన మనిషి, ఆయన మీద కంప్లైంట్ ఏంది" అంటున్నారు. తల్లి మన రాత అంటోంది. ఒకరు వినియోగదారుల కోర్టంటారు, ఇంకొకరు పోలీస్ స్టేషనంటారు.

ఉత్తరం చివర ఆమె రాసిన మాటలు ఇవి: "మావాళ్లెవరూ వాయిదాలకు రాని రోజుల్లో ఆ సారే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించి మాట్లాడేవారు. ఫీజు కూడా తక్కువే తీసుకున్నారు. అలాంటాయన మీద కంప్లైంట్ ఇస్తే నేను కృతఘ్నురాలినవుతానా? ఇవ్వకపోతే నా కూతురి ఫీజు ఎట్లా?"

---

ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, అది తేలకపోతే నేను చెప్పే మిగతావేవీ మీరు చెయ్యలేరు. కారు. కృతఘ్నురాలు కారు. ఆయన మీకు చేసిన మంచి నిజమే, దాన్ని ఎవరూ తుడిచెయ్యక్కర్లేదు. ఆయన ఆఫీసులో జరిగిన తప్పు కూడా అంతే నిజం. మంచితనానికి బాకీ పడ్డాను కాబట్టి ఈ 3,75,000 అక్కడ చెల్లు అని ఏ పద్దులోనూ రాసుకోరు. పైగా మీరు టీ గురించీ కుర్చీ గురించీ రాసిన తీరు చూస్తే, ఆ రోజుల్లో మీకు ఎంత ఒంటరిగా ఉండిందో తెలుస్తోంది, అందుకే ఆ చిన్న మర్యాద అంత పెద్దదై నిలిచిపోయింది. అది మీ మంచితనం. కానీ మీ డబ్బు లెక్క అడగడం మర్యాద తప్పడం కాదు. కక్షిదారు డబ్బుకు లెక్క రాసిపెట్టాలని, కక్షిదారు తరఫున డబ్బు అందితే ఆ సంగతి వీలైనంత త్వరగా తెలియజేయాలని, అడిగితే ఆ లెక్క నకలు ఇవ్వాలని న్యాయవాదులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే చెబుతున్నాయి. నకలు ఖర్చు మాత్రం మీరు ఇచ్చుకోవాలి. అంటే మీరు అడగబోయేది ఆయన వృత్తిలో ఉన్న పద్ధతే.

ఇంకొకటి. మీ ఉత్తరంలో "కంప్లైంట్" అనే మాట పదకొండు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. కానీ ఆరు పేజీల్లో ఎక్కడా మీరు లాయర్‌కు ఒక్క కాగితం రాసినట్టు లేదు. ఫోన్లు చేశారు, ఆఫీసుకు వెళ్లి బయట బెంచీ మీద కూర్చుని వచ్చారు, అన్నతో అడిగించారు, మామతో చెప్పించారు. ఇవన్నీ గాలిలో మాటలు. రేపు ఎక్కడికి పోయినా "నువ్వు రాతపూర్వకంగా ఎప్పుడు అడిగావు" అన్నదే మొదటి ప్రశ్న. కంప్లైంట్ సంగతి తర్వాత, ముందు ఒక ఉత్తరం రాయాలి. దానికంటే ముందు బ్యాంకుకు వెళ్లాలి.

బ్యాంకు ఎందుకు ముందంటే, అసలు ఆ డబ్బు ఏమైందో ఇప్పటికి ఎవరికీ తెలియదు. లాయర్ పంపానంటున్నారు, మాజీ భర్త నా చేతికి రాలేదంటున్నాడు, మధ్యలో మీరు ఇద్దరి మాటలూ నమ్మి తల పట్టుకున్నారు. మీరు మరిచిపోయిన సంగతి ఏమిటంటే ఆ అకౌంట్ మీది కూడా. మీ పేరు అందులో ఉంది, మీ ఫోటో ఆ పాస్‌బుక్ మీద ఉంది. కాబట్టి స్టేట్‌మెంట్ అడిగే హక్కు మీకుంది, దానికి అతని అనుమతి అక్కర్లేదు. పాత పాస్‌బుక్, ఆధార్, పాన్ కార్డు పట్టుకుని ఆ బ్రాంచికి వెళ్లి, డబ్బు పడిన నెల ఒకటో తారీఖు నుంచి ఇవాళ్టి వరకు స్టేట్‌మెంట్ కావాలని రాసి ఇవ్వండి. ఐదేళ్లుగా వాడలేదు కాబట్టి కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు, మళ్లీ అడగొచ్చు, ఫోన్ నంబర్ అతనిదే ఉండొచ్చు, దానికి కంగారు పడకండి. స్టేట్‌మెంట్ వచ్చాక మూడు విషయాలు చూడాలి. 3,75,000 నిజంగా వచ్చిందా, ఏ రోజు వచ్చింది. లోన్ కింద ఎంత పోయింది. మిగతాది ఎవరు, ఎలా తీశారు. నెల కంతులు మూడే పోయుంటే, మిగిలింది అకౌంట్‌లోనే ఉండొచ్చు, లేదా అతను ఏటీఎంలోనో చెక్కుతోనో తీసి ఉండొచ్చు. "బ్యాంకోళ్లు పట్టుకున్నారు" అన్న మాట సగం నిజమై ఉండొచ్చు. ఆ సగం ఏదో ఆ కాగితం చెబుతుంది.

అదే రోజు ఇంకో దరఖాస్తు కూడా ఇవ్వండి. ఈ అకౌంట్ మీద ఇద్దరికీ వివాదం ఉంది, ఇద్దరి సంతకం లేకుండా డబ్బు తీయనివ్వొద్దు అని. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు అనే పద్ధతిలో తెరిచిన అకౌంట్లలో ఒకరు ఇలా రాసిస్తే బ్యాంకులు సాధారణంగా ఇద్దరూ కలిసి చెప్పేదాకా ఆపుతాయి. దీనివల్ల మీరు కూడా ఒంటరిగా తీయలేరు, అది తెలుసుకునే ఇవ్వండి. అందులో ఇంకా డబ్బు మిగిలుంటే, అతను తీసేలోపు మీరే తీసేసుకోవచ్చు కదా అని ఎవరైనా సలహా చెబుతారు. మీ పేరున్న అకౌంటే కాబట్టి అది సాధ్యమే కావచ్చు, అందులో పడిన డబ్బు మీదే అని చెప్పుకోడానికి కౌంటర్ ఫాయిలూ ఉంది. కానీ అతని జీతం కూడా అందులో కలిసి ఉంటే, మీరు తీసింది ఏ డబ్బు అన్న గొడవ కొత్తగా మొదలవుతుంది. స్టేట్‌మెంట్ చూడకుండా ఆ పని చెయ్యొద్దు.

బ్యాంకు తప్పు ఎంతవరకు? మీ పేరు ఒకటి, నంబర్ ఇంకొకటి అయినా డబ్బు ఎలా పోనిచ్చారు అని అడిగారు. ఇక్కడ ఆ వాదన నిలవదు, ఎందుకంటే ఆ అకౌంట్‌లో మీ పేరు కూడా ఉంది. అసలు ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు జమ అయ్యేది నంబర్‌ను బట్టే. పంపేముందు అవతలివాళ్ల పేరు చూసుకునే సౌకర్యం పెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పి, 2025 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. గుమాస్తా అలా చూసుకున్నా మొదటి పేరు మీ భర్తది కనిపించి ఉండేదేమో, అప్పుడన్నా ఆగేవాడేమో. అది ఆయన ఆఫీసు అజాగ్రత్తకు ఇంకో రుజువు అవుతుందే తప్ప బ్యాంకు తప్పు కాదు. బ్యాంకును నిలదీయాల్సింది వేరే చోట ఉంది. అతని ఒక్కడి పేరున ఉన్న లోన్‌కు ఇద్దరి అకౌంట్‌లోంచి డబ్బు ఏ కాగితం ఆధారంగా కోశారు? ఆ లోన్ తీసుకున్నప్పుడు మీరు కూడా సంతకం పెట్టారా, జామీనుగా ఉన్నారా? గుర్తు తెచ్చుకోండి, ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్లు చూడకుండానే సంతకాలు పెట్టారు. మీ సంతకం లేకపోతే ఆ ప్రశ్న గట్టిగా అడగొచ్చు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజు లేదు, వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు. వాళ్లు బ్యాంకు తప్పునే చూస్తారు, లాయర్ తప్పునూ భర్త తప్పునూ చూడరు.

ఇక లాయర్‌కు ఉత్తరం. దీన్ని ఎవరితోనూ ఇంగ్లీషులో రాయించకండి. తెలుగులో మీరే రాయండి, మీకు వచ్చిన మాటల్లోనే. ఫలానా కేసులో మీరు నా లాయరు, ఫలానా తేదీన నా తరఫున నాలుగు లక్షలు మీకు అందాయి, ఫలానా తేదీన 3,75,000 పంపారు, అది నేను మార్చిలో వాట్సాప్‌లో ఇచ్చిన నంబర్‌కు కాకుండా పాత జాయింట్ అకౌంట్‌కు పోయింది, నాకు ఇప్పటికి ఒక్క రూపాయి అందలేదు. నాకు రెండు కావాలి, ఒకటి నాలుగు లక్షలకు రాతలో లెక్క, 25,000 దేనికింద పట్టుకున్నారో దానితో సహా. రెండు, ఆ డబ్బు నా అకౌంట్‌కు చేర్చడానికి మీరు ఏం చేస్తున్నారో 15 రోజుల్లో జవాబు. అంతే. "మీ సాయం మరిచిపోలేదు" అని ఒక వాక్యం రాయాలనిపిస్తే రాయండి, తప్పు లేదు. మోసం, తినేశారు, పోలీసు అన్న మాటలు మాత్రం వద్దు. జిరాక్సులు జతచేసి స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపండి, రసీదు దాచండి. వాట్సాప్‌లో కూడా అదే ఉత్తరం ఫోటో పెట్టండి.

ఇలా రాస్తే ఏమవుతుంది? చాలా సందర్భాల్లో ఇక్కడే కదలిక వస్తుంది. ఫోన్ ఎత్తని మనిషికి కూడా చేతికి కాగితం వచ్చాక అది ఫైలులో ఒక తారీఖు అయిపోతుంది. ఆయన దారి ఆయనకూ ఉంది. తన జేబులోంచి మీకిచ్చి, మీ మాజీ భర్త దగ్గర తాను వసూలు చేసుకోవచ్చు. లేదా ఇప్పుడు కొంత, తర్వాత కొంత అని ఒప్పుకోవచ్చు. ఆ పరిస్థితిలో నోటిమాట ఒప్పుకోకండి. ఎంత, ఏ తేదీకి అని రాసి, సంతకం తీసుకోండి. అది కాక ఆయన కోపగించుకుని "నా మీదే రాస్తావా" అనొచ్చు. అనొచ్చు, అది మీకు బాధగానే ఉంటుంది. మేనమామ నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ నాలుగు రోజులకూ మీ కూతురి ఫీజుకూ మధ్య ఏది బరువో మీకు నేను చెప్పనక్కర్లేదు.

25,000 సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నేను దాటలేను. ముందు మాట్లాడుకున్న ఫీజు బాకీ ఉంటే, కేసు ముగిశాక చేతిలో మిగిలిన డబ్బులోంచి ఆయన పట్టుకోవడానికి నియమాల్లో వీలుంది. కానీ మీరు ఫీజంతా ముందే ఇచ్చేశానని రాశారు. వచ్చే డబ్బులో ఇంత శాతం అనే లెక్కమీద పట్టుకున్నారంటే అది నియమాలకే విరుద్ధం, కేసు ఫలితంలో వాటా మాట్లాడుకోకూడదు. నిజంగా జిరాక్సులకూ కాపీలకూ అయిన ఖర్చయితే చెప్పేస్తారు, మీరూ సరే అంటారు. తెలియనిదాన్ని తప్పనకండి, లెక్క అడగండి చాలు.

మీ కేసులో బలహీనమైన చోటు కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. ఆ రసీదు. డబ్బు చేతికి రాకముందే ముట్టిందని సంతకం చెయ్యడం. మిమ్మల్ని తిట్టడానికి అనడం లేదు, నమ్మిన మనిషి చెయ్యమంటే ఎవరైనా చేస్తారు. కానీ దాని ఫలితం ఏమిటంటే, డిక్రీ అమలు కోసం అదే కోర్టులో ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, వేస్తే మాజీ భర్త ఆ రసీదు చూపిస్తాడు, నేను ఆమె లాయర్‌కు ఇచ్చాను, ఆమె ముట్టిందని రాసిచ్చింది అంటాడు. ఆ వాదనకు బలం ఉంది. కాబట్టి "డిక్రీ ప్రకారం మళ్లీ కట్టు" అనే దారి మొదట ఎంచుకోకండి. అతన్ని అడగాల్సింది వేరే కారణం మీద. పొరపాటున తన దగ్గరికి వచ్చిన డబ్బును తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, 72వ సెక్షన్. నా చేతికి రాలేదు, లోన్‌కు పోయింది అనడం తప్పించుకునే మాట. లోన్ ఎవరిది? అతనిదే. మీ డబ్బుతో అతని అప్పు తగ్గింది, అంటే అతనికి ముట్టినట్టే. ఇది మీ అన్నకు కూడా చెప్పండి, ఈసారి ఫోన్‌లో అతను అదే మాట అంటే "మరి నీ అప్పు తగ్గింది కదా" అని అడగమనండి. మీరు మాత్రం ఒంటరిగా అతని ఇంటికి వెళ్లకండి, రాత్రిపూట ఫోన్లు చెయ్యకండి. మీరే రాశారు, పాత గొడవలు ఎలా మొదలయ్యేవో. ఒక నోటీసు చాలు.

ఇప్పుడు మీరు అడిగిన కంప్లైంట్లు, ఒక్కొక్కటి దేనికి పనికొస్తుందో.

వినియోగదారుల కోర్టుకు వెళ్లొద్దు. 2024 మే 14న సుప్రీంకోర్టు న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తేల్చింది. మీకు ఆ సలహా ఇచ్చినవాళ్లు పాత సంగతి చెప్పారు, మంచిమనసుతోనే చెప్పి ఉంటారు.

పోలీస్ స్టేషన్ సంగతి స్టేట్‌మెంట్ చూసేదాకా పక్కన పెట్టండి. నమ్మకద్రోహం నేరం కావాలంటే దురుద్దేశం ఉండాలి, నంబర్ తప్పు ఎక్కించడం అజాగ్రత్తే కానీ దురుద్దేశం కాదు. ఎస్సైగారు సివిల్ మ్యాటర్ అని పంపించేస్తే మీరు ఇంకా కుంగిపోతారు, అవతల లాయర్ కూడా మొండికేస్తారు. స్టేట్‌మెంట్‌లో అసలు ఆ 3,75,000 జమ కాలేదనో, పడిన రెండో రోజే వెనక్కి వెళ్లిందనో తేలితే అప్పుడు కథ మారుతుంది, అప్పుడు ఆలోచిద్దాం.

బార్ కౌన్సిల్. ఇది మీకున్న అసలైన ఫిర్యాదు చోటు, కానీ అక్కడ దొరికేది ఏమిటో తెలిసి వెళ్లండి. న్యాయవాదుల చట్టం, 1961లో 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, అంటే మీకు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు, సంతకం చేసి ధ్రువీకరించిన ఫిర్యాదు, నిర్ణీత ఫీజుతో ఇవ్వాలి. వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని వాళ్లకు అనిపిస్తే క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. కమిటీ ఫిర్యాదును కొట్టేయొచ్చు, ఆయన్ను మందలించొచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపొచ్చు, పేరే తీసేయొచ్చు. ఏడాదిలో తేల్చాలి, లేకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళుతుంది. చూశారా, ఇందులో ఎక్కడా "మీ డబ్బు ఇప్పిస్తాం" అన్నది లేదు. ఒక్క నంబర్ తప్పు దుష్ప్రవర్తన కాకపోవచ్చు. కానీ రాతపూర్వకంగా లెక్క అడిగినా ఇవ్వకపోవడం, తప్పు తెలిసీ మూడు నెలలు మొహం చాటెయ్యడం బరువైన విషయాలు. అందుకే మొదట ఆ ఉత్తరం రాయమంటున్నాను. జవాబు రాకపోతే ఆ మౌనమే మీ ఫిర్యాదులో అన్నిటికంటే గట్టి కాగితం. ఇంకో మాట, డబ్బు ఇవ్వకపోతే బార్ కౌన్సిల్‌కు పోతా అని ఉత్తరంలో బెదిరించకండి. వెళ్లాల్సి వస్తే వెళ్లండి, చెప్పి భయపెట్టే పనిగా మార్చకండి. రాజీ అయిన తర్వాత కూడా ఆయన ప్రవర్తన గురించి ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీ మనసుకు సంబంధించిన ప్రశ్న. కొందరు నాలాగా ఇంకొకరికి జరగకూడదని ఇస్తారు, కొందరు ఇక చాలు అనుకుంటారు. రెండూ గౌరవంగా బతికే పద్ధతులే.

డబ్బు తెచ్చే దారి మాత్రం ఇంకొకటుంది, నాకు అందులోనే ఎక్కువ నమ్మకం. ప్రొద్దుటూరు కోర్టులోనే ఉండే మండల న్యాయ సేవల కమిటీకి గానీ, కడపలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. లాయర్ ఖర్చే కాదు, కోర్టు ఫీజు కూడా వాళ్లే చూస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. "అదే కోర్టులో లాయర్లు, ఆయన మీద నాకెవరు వాదిస్తారు" అని మీరు రాసిన భయం ఉత్తిది కాదు, చిన్న ఊర్లలో బార్ అంతా ఒకే టీ కొట్టు దగ్గర ఉంటుంది. కానీ జిల్లా సంస్థ కార్యదర్శి న్యాయాధికారి, ప్రాక్టీసు చేసే లాయర్ కాదు. ఆయనకే నేరుగా చెప్పి, మా ఊరి బార్‌తో సంబంధం లేని ప్యానెల్ లాయర్‌ను, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్‌ను, ఇవ్వమని అడగండి. బస్సు చార్జీ పోయినా కడపకే వెళ్లమంటాను నేను.

అక్కడ కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగొచ్చు. లాయర్‌కూ మాజీ భర్తకూ ఇద్దరికీ నోటీసులు పోతాయి. మీ వ్యవహారానికి ఇది అతికినట్టు సరిపోతుందని నాకెందుకు అనిపిస్తోందంటే, ఇక్కడ ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు, ఇద్దర్నీ ఒకే బల్ల ముందు ఎప్పుడూ ఎవరూ కూర్చోబెట్టలేదు. ఎవరెంత ఇవ్వాలో వాళ్లే తేల్చుకుని ఒప్పుకుంటే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ఇబ్బంది ఏమిటంటే ఇద్దరూ రావాలి, ఒప్పుకోవాలి. బలవంతం లేదు. రాకపోతే సివిల్ దావానే, లాయర్‌నూ మాజీ భర్తనూ ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టి. ఇలాంటి డబ్బు దావాలకు మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, కాబట్టి టైం లేదని టెన్షన్ పడొద్దు. అలాగని "చూద్దాంలే" అనే మాటకు ఇంకో ఏడాది ఇవ్వొద్దు కూడా. లోక్ అదాలత్‌లో కొంత తగ్గించుకోమని అడుగుతారు, ఎక్కడిదాకా తగ్గుతారో ఇంట్లోనే కూతురితో కూర్చుని అనుకుని వెళ్లండి, అక్కడ ఎవరో మంచిగా మాట్లాడారని అప్పటికప్పుడు తగ్గకండి. మీరు మంచిమాటకు కరిగిపోతారని మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది.

మీ కేసు ఫైలు ఆయన దగ్గరే ఉందని, అడిగితే ఇవ్వరేమోనని రాశారు. ఫీజు బాకీ ఉన్నా సరే, కక్షిదారు ఫైలును లాయర్ ఆపుకోకూడదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీకు బాకీ కూడా లేదు. ఆ ఉత్తరంలోనే మూడో కోరికగా అడగండి. రాజీ పత్రం, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు కోర్టులో దరఖాస్తు పెట్టి మీరే తీసుకోవచ్చు, ఆయన కోసం ఆగక్కర్లేదు.

ఫోన్ మార్చకండి. ఆ మార్చి మెసేజ్, రెండు నీలం టిక్కులతో ఉన్నది, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు పెట్టుకోండి, కానీ అసలు మెసేజ్ ఫోన్‌లోనే ఉండాలి, కోర్టులో చూపించేటప్పుడు ధ్రువపత్రంతో పాటు పెట్టాల్సి వస్తుంది. అమ్మాయి ఫోన్ అడిగి స్టోరేజీ నిండిందని చాట్లు డిలీట్ చేస్తుందేమో, ముందే చెప్పండి.

మీ మామకు ఏం చెప్పాలో కూడా అడిగారు. ఆయన్ను శత్రువును చెయ్యకండి, ఆయనకు ఒక పని ఇవ్వండి. "మామా, నేను ఆయన మీద కంప్లైంట్ ఇవ్వడం లేదు, లెక్క అడుగుతున్నా. ఉత్తరం పోస్టు చేసేలోపు నువ్వే ఒకసారి తీసుకెళ్లి ఆయన చేతికివ్వు, జవాబు రాయించుకుని రా" అనండి. తెస్తే మంచిది, మనమనిషి అన్న మాటకు విలువ దక్కింది. వారంలో తేకపోతే పోస్టాఫీసుకు మీరే వెళ్లండి, అప్పుడు ఆయన కూడా మిమ్మల్ని ఆపలేడు.

కాలేజీ ఫీజుకు ఇంకా రెండు కంతులు బాకీ అని రాశారు. ప్రిన్సిపాల్‌ను కలిసి, కోర్టు డబ్బు రావాల్సి ఉంది, డిక్రీ కాపీ ఇదిగో, జనవరి దాకా గడువు ఇవ్వండి అని రాతలో అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. మగ్గం వర్క్ అడ్వాన్సులు చూపించి వడ్డీకి అప్పు తెచ్చే ఆలోచన మాత్రం మానుకోండి. వచ్చే డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, డబ్బు వచ్చేసరికి అందులో మీకు మిగిలేది ఎంత?

సోమవారం పొద్దున బ్యాంకు తెరిచే టైంకు వెళ్లండి. రెండు దరఖాస్తులు ఆదివారమే రాసి, ఒక్కోటి రెండు ప్రతులు, రెండో ప్రతి మీద బ్యాంకు సీలు, తేదీ వేయించుకోండి. మధ్యాహ్నం తర్వాత రమ్మంటే అక్కడే కూర్చోండి, పని సంచీ వెంట తీసుకెళ్తే ఒక జాకెట్ చెయ్యి అంచు అయినా అయిపోతుంది. స్టేట్‌మెంట్ వచ్చాక అందులో ఏ తేదీన ఎంత పోయిందో నాకు రాయండి, లాయర్‌కు పంపే ఉత్తరంలో ఆ అంకెలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.